రుజువు వచ్చేలోపు రక్తంలోకి

ఫ్లోరిన్ వల్ల నీళ్లు పాడయ్యాయంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది నల్గొండ. వంగిపోయిన వెన్నెముకలు, గారపట్టిన పళ్లు, ఫ్లోరైడ్ నిండిన బోరునీళ్లు. ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి నమోదు చేసింది కూడా తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ ఫ్లోరైడ్ రాళ్లలోంచి కరిగి నీళ్లలోకి చేరుతుంది. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో కొలవడం తేలిక, పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే ఉంది. ఇక్కడ చర్చిస్తున్నది దానికి పూర్తిగా వేరైన పదార్థాల గురించి. ఇవి భూమిలో పుట్టలేదు, కర్మాగారాల్లో పుట్టాయి. మిల్లీగ్రాముల్లో కాదు, అందులో పది లక్షల వంతు అయిన నానోగ్రాముల్లో కొలవాలి. పటిక, సున్నం వీటిని ఏమీ చేయలేవు. నీళ్లు మరిగించినా పోవు. కార్బన్, ఫ్లోరిన్ పరమాణువుల గొలుసులతో తయారైన ఈ వేలాది రసాయనాలను కలిపి పీఫాస్ అంటున్నారు.

సేంద్రియ రసాయనశాస్త్రానికి తెలిసిన ఏక బంధాల్లో కార్బన్, ఫ్లోరిన్‌ల మధ్య బంధమే అత్యంత బలమైనది. ఎండ, వాన, సూక్ష్మజీవులు, మన కాలేయంలోని ఎంజైములు ఏవీ దాన్ని తెంచలేవు. 1938 ఏప్రిల్‌లో న్యూజెర్సీలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ శీతలీకరణ వాయువుల మీద పనిచేస్తూ, సిలిండర్‌లో మిగిలిన తెల్లని మైనంలాంటి పొడిని చూశాడు. టెఫ్లాన్ అలా దొరికింది. దేనికీ అంటుకోకపోవడం, వేడికి చలించకపోవడం, నీటినీ నూనెనూ రెండింటినీ తోసిపుచ్చడం. ఈ మూడు గుణాలూ ఒకే చోట ఉన్న పదార్థం అంతకు ముందు లేదు. యురేనియం శుద్ధిలో దాన్ని వాడారు. తర్వాత పెనం మీదికి, వానకోటు మీదికి, తివాచీ మీదికి, పిజ్జా డబ్బా లోపలికి, విమానాశ్రయాల్లో ఇంధన మంటలను ఆర్పే నురగలోకి పీఫాస్ కుటుంబమంతా విస్తరించింది. పరిశ్రమ వీటిని కోరుకున్నది ఎంతకీ చెడవనే. నేలలోకీ నీళ్లలోకీ చేరాక వాటితో వచ్చిన చిక్కు కూడా అదే.

ఇన్నేళ్ల సాక్ష్యాన్ని ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచే మాట ఇది. పీఫాస్ విషయంలో శాస్త్రం ఆలస్యం చేయలేదు. ఆలస్యమంతా మనం పెట్టుకున్న నియమంలో ఉంది. ఒక్కొక్క రసాయనం హానికరమని విడివిడిగా రుజువయ్యేదాకా దాన్ని నిర్దోషిగా చూడాలన్నది ఆ నియమం. నాలుగు రోజుల్లో విచ్ఛిన్నమయ్యే పదార్థానికి అది సరిపోతుందేమో. రుజువు దొరికాక వాడకం ఆపితే పదార్థం కూడా పోతుంది. తరతరాలు నిలిచే పదార్థానికి మాత్రం అది నప్పదు, ఎందుకంటే రుజువు చేతికొచ్చే నాటికి ఆపవలసింది అప్పటికే నేలలోకి, నీళ్లలోకి, ఒంట్లోకి చేరిపోయి ఉంటుంది. కాబట్టి నశించకపోవడాన్నే నియంత్రణకు తగిన కారణంగా గుర్తించాలి. ఇది అతి జాగ్రత్త అనేవాళ్లున్నారు. వాళ్ల అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేయదగినవి కావు, అందుకే ముందు సాక్ష్యం చూద్దాం.

పశ్చిమ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ పక్కన ఒహాయో నది ఒడ్డున ఉన్న డ్యూపాంట్ కర్మాగారం 1951 నుంచి టెఫ్లాన్ తయారీలో పీఎఫ్‌ఓఏ అనే సహాయక రసాయనాన్ని వాడింది. దాన్ని 3ఎం కంపెనీ సరఫరా చేసేది. మనుషుల రక్తంలో సేంద్రియ ఫ్లోరిన్ ఉందని డోనాల్డ్ టేవ్స్ అనే శాస్త్రవేత్త 1968లోనే గుర్తించాడు. 1975లో ఆయన సహచరుడు అది మీ ఉత్పత్తుల నుంచి వచ్చిందా అని 3ఎంను అడిగాడు. 1981లో ఈ రసాయనం ఎలుకల పిల్లల కళ్లలో లోపాలు కలిగిస్తున్నట్టు కనిపించిందని 3ఎం చెప్పగానే, డ్యూపాంట్ తన మహిళా ఉద్యోగులను టెఫ్లాన్ తయారీ విభాగం నుంచి తప్పించింది. 1984 నాటికి పక్క ఊళ్ల కుళాయి నీళ్లలో ఈ రసాయనం ఉందని కంపెనీ సొంత పరీక్షల్లో తేలింది. 1991లో లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటకూడదని తనకు తానే ఒక హద్దు పెట్టుకుంది. ఆ ఏడాదే ఒక ఊరి నీళ్లలో దానికి మూడింతలు కనిపించింది. ఊరివాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. విల్బర్ టెనెంట్ అనే రైతు తన పశువులు 150కి పైగా వింత జబ్బులతో చచ్చిపోయాయని, ఎగువన ఉన్న కంపెనీ వ్యర్థాల గుంత నుంచే వాగులోకి ఏదో వస్తోందని తిరిగి తిరిగి, చివరకు 1998లో రాబర్ట్ బిలాట్ అనే న్యాయవాదిని పట్టుకున్నాడు. అప్పటిదాకా కంపెనీల తరఫున వాదిస్తూ వచ్చిన ఆ న్యాయవాది కోర్టు ద్వారా తెప్పించిన వేలాది కాగితాల్లోంచే పైన చెప్పినదాంట్లో చాలావరకు బయటపడింది.

ఆ తర్వాత జరిగినది వైద్యచరిత్రలోనే అరుదు. 2004 నాటి రాజీలో భాగంగా ముగ్గురు స్వతంత్ర శాస్త్రవేత్తల బృందాన్ని నియమించారు. కలుషిత నీళ్లు తాగిన ఆరు నీటి సరఫరా ప్రాంతాల నుంచి దాదాపు 69,000 మంది రక్తం ఇచ్చి, తమ ఆరోగ్య వివరాలు చెప్పారు. ఆ బృందం 50కి పైగా జబ్బులను ఏళ్ల తరబడి పరిశీలించి, 2012 నాటికి ఆరింటితో పీఎఫ్‌ఓఏకు సంబంధం ఉండే అవకాశమే ఎక్కువని తేల్చింది. మూత్రపిండాల కేన్సర్, వృషణాల కేన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, అధిక కొలెస్టరాల్, గర్భిణుల్లో రక్తపోటు. మిగతావాటికి అలాంటి సంబంధం కనిపించలేదనీ చెప్పింది. ఈ రెండో మాట వల్లే మొదటి మాట మీద నా నమ్మకం పెరుగుతుంది. వెతికిన ప్రతిచోటా హాని కనిపించిందని చెప్పే అధ్యయనాన్ని అనుమానించాలి. ఇది అలాంటిది కాదు. 2017లో దాదాపు 3,550 మంది దావాలు 67 కోట్ల డాలర్లకు పరిష్కారమయ్యాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ జనాభా పరిశీలనలే కదా, రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమవుతుందా అని. న్యాయమైన ప్రశ్నే. ఒక్క పార్కర్స్‌బర్గ్ మీదే తీర్పు ఆధారపడి ఉంటే నేనూ సందేహించేవాణ్ణి. కానీ అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ పరిశోధకులు, జబ్బు రావడానికి చాలా ఏళ్ల ముందే సేకరించి దాచిన రక్తాన్ని పరీక్షించి, పీఎఫ్‌ఓఏ ఎక్కువగా ఉన్నవాళ్లకు మూత్రపిండాల కేన్సర్ ముప్పు రెట్టింపుకు మించి ఉందని 2021లో ప్రకటించారు. అక్కడ కలుషితమైన ఊరు లేదు, దావా లేదు, సాధారణ జనాభా మాత్రమే. అట్లాంటిక్ మధ్యలోని ఫారో దీవుల్లో ఫిలిప్ గ్రాంజాన్ బృందం పిల్లలను పుట్టుక నుంచి గమనించి, రక్తంలో పీఫాస్ ఎక్కువున్న పిల్లల్లో ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాలకు పుట్టే ప్రతిరక్షకాలు తక్కువగా ఉన్నాయని 2012లో చూపించింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2020లో నాలుగు పీఫాస్‌లకు కలిపి వారానికి శరీర బరువులో కిలోకు 4.4 నానోగ్రాములే హద్దు అని పెట్టింది ఈ రోగనిరోధక ప్రభావాన్ని లెక్కలోకి తీసుకునే. 2023లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ పీఎఫ్‌ఓఏను మనుషులకు కేన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. దాని సోదర రసాయనం పీఎఫ్‌ఓఎస్‌ను మాత్రం, మనుషుల్లో ఆధారం చాలనందువల్ల, కలిగించే అవకాశం ఉన్న వర్గంలో ఉంచింది. వేర్వేరు దేశాలు, వేర్వేరు పద్ధతులు, వేర్వేరు ప్రయోజనాలున్న మనుషులు ఒకే దిశలో చూపుతుంటే, ఇంకా కాకతాళీయమే అనాలంటే దానికీ ఒక రుజువు కావాలి.

రెండో అభ్యంతరం మోతాదు గురించి. నీళ్లలో లక్ష కోట్ల భాగాల్లో నాలుగైదు భాగాలు, అంత కొంచెం ఏం చేస్తుంది? సామాన్య బుద్ధికి ఇది సబబుగానే తోస్తుంది. ఈ పదార్థం ఒంట్లో ఎలా మెలుగుతుందో చూసేదాకానే. పీఎఫ్‌ఓఏను ఆడ ఎలుక కొన్ని గంటల్లో మూత్రంలో బయటికి పంపేస్తుంది. మనిషి ఒంట్లో దాని పరిమాణం సగానికి తగ్గడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ అనే మరో రకానికి ఐదేళ్లు దాటుతుంది. రక్తంలోని ప్రోటీన్లకు అంటుకుని, మూత్రపిండాలు వడకట్టినా మళ్లీ లోపలికే చేరుతుంది. అందుకే ఏళ్ల తరబడి తాగిన మనిషి రక్తంలో దీని సాంద్రత, తాగిన నీళ్లలో ఉన్నదానికి వంద రెట్లు దాటుతుంది. మావి దాటి గర్భస్థ శిశువుకు, చనుబాల ద్వారా పసిబిడ్డకు చేరుతుంది. చనుబాల మేలు దీనికంటే చాలా పెద్దది గనుక తల్లులు పాలు మానకూడదని వైద్య సంస్థలు స్పష్టంగా చెబుతున్నాయి, ఆ మాట ఇక్కడ చెప్పకపోతే తప్పు. నీళ్లలో తక్కువే ఉంది అనే వాదన, ఒంట్లో ఎంత పోగుపడుతుంది అన్న ప్రశ్నను దాటవేస్తుంది. దాటవేయకుండా లెక్క కట్టిన ప్రతిసారీ హద్దు కిందికే దిగింది. అమెరికా పర్యావరణ సంస్థ పీఎఫ్‌ఓఏకు 2009లో లీటరుకు 400 నానోగ్రాములు ఫరవాలేదంది. 2016లో పీఎఫ్‌ఓఎస్‌తో కలిపి 70 అంది. 2024లో 4 అని చట్టబద్ధం చేసింది. పదిహేనేళ్లలో నూరు రెట్లు. 2009లో నిశ్చింతగా తాగినవాళ్ల ఒంట్లో ఉన్నదాన్ని 2024 నాటి ప్రమాణం వెనక్కి తీయదు.

మూడో వాదన పరిశ్రమది. చెడ్డవి రెండు మూడు ఉంటే వాటిని మానేశాం, మొత్తం జాతినే దోషిగా నిలబెట్టడం అశాస్త్రీయం అని. నిజమే, 3ఎం 2000లో పీఎఫ్‌ఓఎస్ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఎనిమిది కంపెనీలు 2015 కల్లా పీఎఫ్‌ఓఏను వదిలేస్తామని 2006లో ఒప్పుకుని మాట నిలుపుకున్నాయి. దాని స్థానంలో ఏం వచ్చిందన్నదే అసలు ప్రశ్న. డ్యూపాంట్ 2009లో జెన్‌ఎక్స్ అనే, గొలుసు కాస్త పొట్టిదైన రసాయనానికి మారింది. ఒంట్లోంచి త్వరగా పోతుంది గనుక మేలని చెప్పారు. 2017లో ఉత్తర కరొలైనాలోని విల్మింగ్టన్ ప్రజలకు, తాము తాగే కేప్ ఫియర్ నది నీళ్లలో అది కొన్నేళ్లుగా ఉందని తెలిసింది. ఎగువనున్న ఫాయెట్‌విల్ కర్మాగారం నుంచి వచ్చింది. 2021లో పర్యావరణ సంస్థ దాని హానిని లెక్కగట్టి, 2016లో పీఎఫ్‌ఓఏకు పెట్టిన సురక్షిత మోతాదు కంటే తక్కువ మోతాదు నిర్ణయించింది. పొట్టి గొలుసు రసాయనాలు నీళ్లలో మరింత సులువుగా ప్రయాణిస్తాయి, శుద్ధి యంత్రాలకు మరింత సులువుగా తప్పించుకుంటాయి. వేలాది రసాయనాల్లో ఒక్కొక్కదానికి ఇలా పది పదిహేనేళ్ల చొప్పున విచారణ జరిపే వ్యవధి ఎవరికీ లేదు. డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్ కలిసి 2023లో దాదాపు పదివేల పీఫాస్‌లను ఒకే కుటుంబంగా పరిమితం చేయాలని ప్రతిపాదించింది ఇందుకే. అన్నీ సమానంగా విషపూరితం కావు, అది ఒప్పుకోవాలి. వంటింటి పెనం మీది గట్టి టెఫ్లాన్ పొర దాదాపు జడపదార్థమే, ఆ పెనం చూసి భయపడనక్కర్లేదు. కానీ ఆ పొర తయారయిన ఊరి నీళ్ల గతి ఏమిటన్నది పెనం కొన్నవాళ్లకు కనిపించదు. అన్నింటికీ ఉమ్మడి గుణం నశించకపోవడం, లేదా నశించని మరో పీఫాస్‌గా మారడం. ఆ గుణం ఉన్నంతవరకు రేపటి హద్దు నేటి హద్దు కంటే కిందికి దిగితే దిద్దుకునే దారి ఉండదు.

అన్ని అభ్యంతరాల్లోనూ బలమైనది నాకు నాలుగోదిగా కనిపిస్తుంది. చిప్‌ల తయారీ, గుండెకు వేసే కృత్రిమ రక్తనాళాలు, బ్యాటరీలు, హైడ్రోజన్ యంత్రాల్లోని పొరలు, వీటిలో చాలాచోట్ల ఇప్పటికి ప్రత్యామ్నాయం లేదు. అంతా రేపే ఆపేయమనడం బాధ్యత లేని మాట. అలా ఎవరూ అనకూడదు కూడా. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దీనికి దారి చూపింది. ఓజోన్ పొరను తినేసే రసాయనాలను ఆపేటప్పుడు, ఆరోగ్యానికి, భద్రతకు, సమాజం నడవడానికి తప్పనిసరై, మరో మార్గం లేని వాడకాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్లు అలా కొన్నాళ్లు నిలిచాయి. ఆ గీటురాయి మీద పెడితే కృత్రిమ రక్తనాళం ఉంటుంది, పిజ్జా డబ్బా పోతుంది. 2020లోనే డెన్మార్క్ ఆహారం చుట్టే కాగితంలో పీఫాస్ నిషేధించింది. అక్కడి జనం ఆహారం పొట్లాలు కట్టుకోవడం మానేయలేదు.

ఇదంతా పాశ్చాత్య దేశాల గొడవ కదా, మనకెందుకని అనిపించవచ్చు. న్యూజెర్సీలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే ఎడిసన్‌లో, పక్కనున్న వుడ్‌బ్రిడ్జ్, మెటుచెన్‌లలో 2021లో నీటి సంస్థ ఇంటింటికీ నోటీసులు పంపింది. పీఎఫ్‌ఓఏ రాష్ట్రం పెట్టిన 14 నానోగ్రాముల హద్దు దాటిందని. ఆ నోటీసు అందడానికి కారణం అక్కడ ఒక హద్దు ఉండటం. మన తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500లో పీఫాస్‌కు హద్దు లేదు, కాబట్టి అలాంటి నోటీసు ఎవరి నుంచీ ఎవరికీ రాదు. ఈ తేడా ఎంతటిదో ఇటలీ కథ చూపిస్తుంది. వెనెటో ప్రాంతంలో త్రిస్సినో అనే చోట మితేని అనే కర్మాగారం దశాబ్దాల పాటు పీఫాస్ తయారుచేసింది. 2013లో తాగునీళ్ల కాలుష్యం బయటపడింది. దాదాపు మూడున్నర లక్షల మంది నివసించే ప్రాంతమది. బిడ్డల రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని తల్లులు వీధికెక్కారు. 2018లో కంపెనీ దివాలా తీసింది. 2025 జూన్‌లో విచెన్జా న్యాయస్థానం 11 మంది అధికారులకు శిక్షలు వేసింది. ఆ కర్మాగారం యంత్రాలను లక్ష్మీ ఆర్గానిక్ అనే భారతీయ సంస్థ అనుబంధ కంపెనీ 2019లో కొనుక్కుంది. అవి మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా లోటే పరశురామ్ పారిశ్రామికవాడకు తరలివచ్చాయి. యంత్రాలు వచ్చినంత మాత్రాన నీళ్లు పాడయ్యాయని చెప్పడం అన్యాయం, నేను ఆ మాట అనడం లేదు. నా ప్రశ్న మరొకటి. నిబంధనలన్నీ పాటిస్తున్నామని రేపు ఏ కంపెనీ అన్నా ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, ఎందుకంటే పాటించవలసిన నిబంధనే లేదు. అప్పుడు లోటే రైతు, మత్స్యకారుడు ఏ కాగితం పట్టుకుని ఎవర్ని నిలదీయాలి?

నిబంధనే లేని కాలుష్యం తెలంగాణకు కొత్త అనుభవం కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో ఔషధ కర్మాగారాల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని కనుక్కుంది. రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ శుద్ధి కేంద్రం యాంటీబయాటిక్ హద్దు ఏదీ ఉల్లంఘించలేదు, ఎందుకంటే అలాంటి హద్దు లేనేలేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులతో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. కొలవని కాలుష్యం కాగితాల మీద కాలుష్యం కాదన్న ఈ పద్ధతి వల్ల నక్కవాగు పొడవునా పల్లెలు ఏం పోగొట్టుకున్నాయో ఉమ్మడి మెదక్ జిల్లా పాతతరానికి తెలుసు.

ఫ్లోరోసిస్, నైట్రేట్లు, మురుగు కలిసిన కుళాయిలు ఉన్న దేశంలో నానోగ్రాముల గురించి మాట్లాడటం విలాసం కాదా అన్నది చివరి అభ్యంతరం. ఖర్చు పెట్టే స్థోమత తక్కువైన దేశమే ముందు జాగ్రత్త పడాలన్నది నా జవాబు. అమెరికాలో నీటి సంస్థలకు చెల్లించడానికి 3ఎం ఒక్కటే 2023లో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది. అది శుద్ధి ఖర్చులో ఒక భాగమే. యాక్టివేటెడ్ కార్బన్, అయాన్ మార్పిడి, ఆర్వో యంత్రాలు పీఫాస్‌ను నీళ్లలోంచి తీయగలవు కానీ నాశనం చేయలేవు. కార్బన్‌ను ఎక్కడో కాల్చాలి లేదా పూడ్చాలి. మన ఊరూరి ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్లు మళ్లీ మోరీలోకే పోతాయి. అంత స్థోమత లేనివాళ్లు కర్మాగారం గుమ్మం దగ్గరే ఆపాలి. పైగా మనకు ఇంకా కొంత వ్యవధి ఉన్నట్టుంది. కురుంతాచలం కన్నన్ బృందం 2004లో పలు దేశాల రక్తాన్ని పోల్చినప్పుడు పీఎఫ్‌ఓఎస్ అమెరికా, పోలండ్‌లలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటితే, భారతీయ నమూనాల్లో 3 కంటే తక్కువ కనిపించింది. అది ఇరవై ఏళ్ల నాటి మాట. తర్వాత గంగా పరీవాహకంలోను, చెన్నై చుట్టుపక్కల నీళ్లలోను పీఫాస్ ఉన్నట్టు పరిశోధకులు చూపించారు.

ఆపితే ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. 1999 నుంచి 2018 లోపు అమెరికన్ల రక్తంలో పీఎఫ్‌ఓఎస్ 85 శాతానికి పైగా, పీఎఫ్‌ఓఏ 70 శాతానికి పైగా తగ్గాయి. తయారీ ఆపడం ఒక్కటే దానికి పెద్ద కారణం. స్వీడన్‌లోని రోన్నెబీలో వైమానిక స్థావరం నురగతో పాడయిన నీళ్లు తాగినవారి విషయంలో, రక్తంలో పీఫాస్ అధికంగా ఉండటమే శారీరక హాని అని, జబ్బు పడేదాకా ఆగక్కర్లేదని ఆ దేశ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తీర్పిచ్చింది. రుజువు భారాన్ని చట్టం ఎలా మార్చగలదో చూపిన తీర్పది. మన దేశం, త్వరగా నశించని కాలుష్య రసాయనాల మీద కుదిరిన స్టాక్‌హోం ఒప్పందంలో 2006 నుంచి ఉన్నా, కొత్తగా చేరే రసాయనాలను విడిగా ఆమోదిస్తే తప్ప అవి మనకు వర్తించవు. పీఎఫ్‌ఓఎస్ 2009లో, పీఎఫ్‌ఓఏ 2019లో ఆ జాబితాకెక్కాయి. 2020లో కేంద్రం ఆమోదించిన ఏడు రసాయనాల్లో ఈ రెండూ లేవు. ముందు వాటిని ఆమోదించాలి. ఐఎస్ 10500లో ఒక అంకె రావాలి. కనీసం ఐరోపా పెట్టుకున్నట్టు, ఇరవై పీఫాస్‌లకు కలిపి లీటరుకు 100 నానోగ్రాములతోనైనా మొదలుపెట్టాలి. ఏ కర్మాగారం ఏ పీఫాస్ ఎంత వాడుతోందో, ఏ విమానాశ్రయం, రిఫైనరీ, ఓడరేవు దగ్గర ఎలాంటి నురగ నిల్వ ఉందో కాలుష్య నియంత్రణ మండళ్లకు ఏటా చెప్పి తీరాలి. కొలిచే యంత్రాలు లేవనడానికి హైదరాబాద్ తగిన ఊరు కాదు. ఇలాంటి పరీక్షలకు కావలసిన పరికరాలు ఇక్కడి ఔషధ ప్రయోగశాలల్లో ఉన్నాయి, ఫ్లోరిన్ రసాయనాల మీదే పనిచేసిన విభాగం భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో ఉంది, జనం ఏం తింటున్నారో ఇల్లిల్లూ తిరిగి నమోదు చేసిన అనుభవం జాతీయ పోషకాహార సంస్థకు ఉంది. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ చుట్టూ బావినీళ్లనూ, ఇష్టపడి ఇచ్చేవాళ్ల రక్తాన్నీ ఇప్పుడే పరీక్షించి ఆ అంకెలు బహిరంగంగా పెట్టాలి. 3ఎం శాస్త్రవేత్తలు ఒకప్పుడు పోల్చి చూడటానికి పీఫాస్ లేని రక్తం కోసం వెతికితే బతికున్న దాతల్లో దొరకలేదు. కొరియా యుద్ధకాలంలో సైనికుల నుంచి తీసి దాచిన పాత నమూనాలే దిక్కయ్యాయి. మన దగ్గర ఆ పోలికకు పనికొచ్చే రక్తం ఇంకా ఉంటే, దాన్ని కొలిచి నమోదు చేయవలసింది లోటే పరశురామ్‌లోనైనా పరవాడలోనైనా కొత్త కర్మాగారానికి అనుమతి కాగితం మీద సంతకం పడకముందే.